చాలన్నా ఆగని నీళ్లు

2084లో అనంతపురం వీధిచెట్లు మాట్లాడతాయి. ఎండ ముదిరే వేళకు ఏ గుమ్మం ముందు నిలబడినా "దాహం" అని ఒక గొంతు, నీళ్లు పోశాక "చాలు" అని అదే గొంతు వినబడుతుంది.

ఈ 'దాహవాణి'ని కనిపెట్టింది డాక్టర్ హైమవతి. వేళ్ల పక్కన పాతిన సెన్సర్ మట్టిలో తడిని కొలుస్తుంది, కాండానికి బిగించిన స్పీకర్ ఆ సంగతి చెబుతుంది. ఎవరికి నచ్చిన గొంతు వాళ్లు పెట్టుకోవచ్చన్నారు. జనం ఊరుకుంటారా? పోయినవాళ్ల గొంతులన్నీ తెచ్చి చెట్లకు పెట్టుకున్నారు.

చెట్లు ఏపుగా పెరిగాయి. హైమవతికి మాత్రం కంటి మీద కునుకు లేదు. చాలన్నా ఎవరూ ఆపడం లేదు. పైపైనే ఎప్పుడూ తడి ఉంటే వేరు లోతుకు ఎందుకు పోతుంది? ఆషాఢం గాలికి నిలవాలంటే చెట్టు కొన్నాళ్లు దాహంతో నీటిని వెతుక్కోవాలి.

ఓబుళమ్మ ఇంటి ముందు కానుగ అప్పటికే కాస్త ఒరిగింది. దాని గొంతు ఆమె భర్త నారాయణప్పది.

"చాలన్నాక కూడా ఎందుకు పోస్తున్నావు పెద్దమ్మా?" అని అడిగింది హైమవతి.

"బతికినన్నాళ్లూ చాలనే అన్నాడమ్మా. ఇంగో ముద్ద ఏస్తే తినేటోడు. చాలన్నారని యాడన్నా వడ్డించేది ఆపుతారా?"

హైమవతి ల్యాబ్‌కు వెళ్లి ఆ కానుగ చెప్పే 'చాలు' అనే మాటను "వద్దు" అని మార్చింది. ఓబుళమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "అలిగినాడు," అంటూ ఇంకో బిందె పోసింది.

ఇక స్పీకర్ తీసేయడమే దారి అనుకుని హైమవతి మళ్లీ వచ్చింది. ఓబుళమ్మ చెట్టును వాటేసుకుని కదల్లేదు.

"ఇన్నాళ్లకు మాట్లాడతాండాడు. నోరు మూయిస్తావా తల్లీ?"

హైమవతి స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టేసుకుంది. చెట్టు పడిపోతుందని ఆమెకు భయం వేసింది, అయినా స్పీకర్ తీయడానికి చెయ్యి రాలేదు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం గాలి ఆ కానుగను పెకలించి రోడ్డు మీద పడేసింది. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. హైమవతి పరుగున వచ్చేసరికి లోతుకు దిగని వేళ్లన్నీ పైకి లేచి ఉన్నాయి. వాటికి చిక్కుకున్న సెన్సర్ చుట్టూ ఉన్న మట్టి ఎండకు పొడిబారిపోయింది.

"దాహం," అంది నారాయణప్ప గొంతు.

ఓబుళమ్మ హైమవతి వైపు తిరిగింది.

"చూస్తివా అమ్మా. నువ్వు చెప్పినావని మనసులో బెరుకుతో పోస్తి. ఆయన కడుపు నిండనే లేదు."

ఆ మాట విన్న ఇరుగుపొరుగు గబగబా బిందెలు నింపుకుని తమ తమ చెట్ల దగ్గరికి నడిచారు. హైమవతి ఒక్కరినీ ఆపలేకపోయింది.