రెండు కొర్రమట్ట పిల్లలు

రఘుపతికి నైట్ షిఫ్టు పడిన వారమంతా ఆ ఇంట్లో పగలు ఉండేది కాదు. పొద్దున డ్యూటీ దిగొచ్చి పడుకునే మనిషికి వెలుతురు తగలొద్దని భార్య జమున కిటికీలకు పాత దుప్పట్లు కట్టేది. గోదావరిఖని ఎండ గోడల అవతలే ఆగిపోయేది. మధ్యాహ్నం రెండింటికి కూడా ముందుగదిలో వెలిగేది అక్వేరియంలోని నీలం లైటొక్కటే.

దాన్ని కొన్నది పది నెలల కొడుకు రుత్విక్ కోసం. బంగారు చేపలు కదులుతుంటే వాడు ఏడుపు మానేవాడు. ఇప్పుడందులో బంగారు చేపలు లేవు. కొర్రమట్ట ఒక్కటే ఉంది. జానెడు పొడుగు, నల్లటి వీపు, పాము తల.

అది ఇంటికి రావడానికి కారణం జమున మామ కొమురెల్లి దమ్ము రోగం. ముప్పై ఏండ్లు బొగ్గు బాయిలో దుమ్ము మింగిన ఛాతీ అది, రాత్రంతా పిల్లికూతలు కూసేది. మృగశిర కార్తె మొదలయ్యే మిర్గం నాడు బతికున్న కొర్రమట్ట పిల్ల నోట్లో మందుముద్ద పెట్టి మింగితే తగ్గుతుందని ఏటా పట్నం పోయేవాళ్లు. ఈ ఏడు ముసలాయన అంతదూరం కూర్చోలేనన్నాడు. మందు ఎవరో తెచ్చిచ్చారు. చేపపిల్లకు ఫికర్ ఎందుకన్నాడు రఘుపతి. ఆయన పంపు ఆపరేటర్. బొగ్గంతా తీసేశాక నీళ్లు నిండిన పాత ఓపెన్‌కాస్ట్ గుంత దగ్గరే డ్యూటీ. అక్కడ ఒడ్డునానుకుని ఎర్రటి పిల్లల గుంపు, దాని కిందే కావలి కాస్తున్న తల్లి చేప కనబడ్డాయి. ఒకటి చస్తే ఇంకోటి ఉంటుందని రెండు పిల్లల్ని చెంబులో పట్టుకొచ్చాడు.

"తల్లి కట్టదాకా ఎంటబడ్డది జమునా! సగం బురదలకెక్కింది," అంటూ నవ్వాడు.

ఒకదాన్ని మామ మింగాడు. రెండోది అక్వేరియంలోకి పోయింది.

తొమ్మిదో రోజుకు మామ దగ్గు ఆగింది. జమున సంతోషపడి కొబ్బరికాయ కొట్టింది. పదిహేనో రోజుకు ఒక బంగారు చేప కనబడలేదు. నెల తిరిగేసరికి మిగతావీ లేవు. కొర్రమట్ట ఎగిరి బయటపడకుండా మూత మీద ఇటుక పెట్టారు. కోడి కార్జం ముక్క వేస్తే నీళ్లు కదిలినట్టే ఉండేది కాదు, ముక్క మాయమయ్యేది.

కొర్రమట్టకు మనలాగే పైగాలి కావాలి. రెండుమూడు నిమిషాలకోసారి పైకొచ్చి, నోరు తెరిచి, బుడుక్కున ఒక గుక్క మింగి కిందికి పోతుంది. ఒక మధ్యాహ్నం జమున బియ్యం ఏరుతూ ఆ చప్పుడు విన్నది. బుడుక్. వెంటనే మంచం మీద మామ ఛాతీ లేచింది. తర్వాత... ఏమీ లేదు. జమున చేట పక్కన పెట్టింది. ఛాతీ కదలడం లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూద్దామని లేచేసరికి మళ్లీ బుడుక్. మామ ఒక్క గుక్క పీల్చాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప పడలేదు.

ఆ సాయంత్రమే రఘుపతికి చెప్పింది.

"ముసలోడు కూతలు బంద్ జేసి పండుకుంటె నీకేం కడుపునొప్పే?"

"నవ్వులాట గాదయ్యా. పిలగాన్ని ఎట్ల జూస్తుండో జూసినవా?"

"మనుమన్ని జూడక పక్కింటోళ్లను జూస్తడా?"

"ఎత్తుకుంటలేడు. ఉత్తగ జూస్తుండు."

రఘుపతి టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి పోయాడు.

జమునకు మాత్రం మనసు కుదుటపడలేదు. రుత్విక్ పాకుతూ మంచం దగ్గరికి పోయినప్పుడల్లా, పట్టె మీదినుంచి వేలాడే మామ చెయ్యి కదలకుండా ఆగేది. వేళ్ల చివర్లు మాత్రం మెల్లగా విచ్చుకుని, ముడుచుకుని, మళ్లీ విచ్చుకుని... బంగారు చేప ఎదుట కొర్రమట్ట రెక్కలాడించింది అచ్చం అట్లాగే. జమున పిల్లాణ్ని లాక్కుని చంకన వేసుకునేది. స్నానానికి పోయినా వెంట తీసుకునే పోయేది.

భాద్రపదంలో మళ్లీ నైట్ షిఫ్టు వారం వచ్చింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నీలం లైటు ఆరింది. లోపలి గదిలో రఘుపతి గురక. ఉయ్యాలలో పిల్లాడు. మంచం మీద మామ. ఆ చీకట్లో బుడుక్కుమనే చప్పుడు.

తనది పిచ్చో నిజమో తేల్చుకోవాలనుకుంది జమున. ఇటుక దించింది. మూత తీసింది. కూరగాయల ప్లాస్టిక్ బుట్టను బోర్లించి నీళ్లలోకి అదిమిపట్టింది. చేపకు గాలి అందకపోతే మామకు ఏమవుతుందో చూద్దామని.

ఒక నిమిషం. చేప మెల్లగా వచ్చి బుట్టను ముట్టి పోయింది.

రెండు నిమిషాలు. ఈసారి గట్టిగా తగిలింది.

మూడు...

బుట్ట ఎగిరెగిరి పడుతోంది. చేతులు జారుతున్నాయి. వెనక మంచం కిర్రుమంది. జమున తిరిగి చూడలేదు. ఎక్కడినుంచో బురద వాసన...

"బిడ్డా..."

మామ గొంతే, కానీ మంచం మీదినుంచి రాలేదు. చెవి పక్కనుంచి వచ్చింది. ఆసరా లేనిదే లేచి నిలబడలేని మనిషి!

"ఇడువు బిడ్డా... దాన్ని కన్న అవ్వ అడుగుతుంది... ఇచ్చెయ్యి..."

అప్పుడే దూరంగా, ఇంకా బొగ్గు తీస్తున్న ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ అయింది. ఇల్లంతా అదిరింది. గిన్నెలు గలగలమన్నాయి. బుట్ట జారింది. బుడుక్. జమున చెవిలో చల్లటి గాలి, పొడుగాటి గుక్క.

తిరిగి చూస్తే మామ మంచం మీదే పడుకుని ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

రఘుపతిని కుదిపి లేపింది. "దీన్ని తెచ్చిన కాడ ఇడిసిపెట్టొద్దాం పా. లేకుంటె నేను పిలగాన్ని తీస్కొని రామగిరికి, మా అవ్వగారింటికి పోత. మళ్ల రాను."

ఆమె ముఖం చూసి ఈసారి అతను నవ్వలేదు.

జమున పిల్లాణ్ని పక్క క్వార్టర్ ముసలామె లింగవ్వ ఒడిలో పెట్టింది. "అవ్వా, తలుపు గడియ ఏస్కో. మా మామొచ్చి పిల్చినా తియ్యకు."

"మీ మామకు నన్ను జూస్తెనే దడ. నువ్వు పో, జల్దిరా," అంది లింగవ్వ.

బండి మీద జమున ఒళ్లో బక్కెట్. దారంతా చేప కదల్లేదు. గుంతలో నీళ్లు నల్లగా, నిశ్చలంగా ఉన్నాయి. కట్ట దిగి బక్కెట్ వంచింది. కొర్రమట్ట జారి మునిగింది. రెండు బారల దూరంలో ఇంకో తల లేచింది. రెండు పిడికిళ్లు కలిపినంత తల. చిన్నది దాని కిందికి పోయింది. పెద్దది మాత్రం మునగలేదు. కట్టవైపే చూస్తూ, రెండోది కూడా రావాలన్నట్టు అక్కడే ఆగింది.

"ఇచ్చినం గదా... ఇగ పో," అంది జమున.

"చేపతోని ఏం ముచ్చట! నడువు," అన్నాడు రఘుపతి. బండెక్కుతూ ఆమె వెనక్కి చూసింది. నీళ్ల మీద ఏమీ లేదు.

ఇంటి ముందు బండి ఆగకముందే వినబడింది. పిల్లికూతలు! మామ గోడకానుకుని దగ్గుతున్నాడు, కళ్లు ఆర్పుతున్నాడు, తిడుతున్నాడు. "ఎటువోయిండ్రే అందరు? సస్తున్న, ఇన్ని నీళ్లియ్యుండ్రి!" ఆ దగ్గు విని జమునకు సంతోషంతో ఏడుపొచ్చింది. చెంబందించి, వీపు నిమిరి, పక్కింటికి పరుగెత్తింది.

లింగవ్వ పిల్లాణ్ని పొదివి పట్టుకునే వచ్చి గడియ తీసింది. వాడు నిద్రపోతున్నాడు.

"ఎవలన్నొచ్చిండ్రా అవ్వా?"

"ఎవలొస్తరు? గడియ ఇప్పుడు తీసుడే. బంగారం, కిక్కురుమనలె."

జమున నవ్వుతూ కొడుకును భుజాన వేసుకుంది. మెడ మీదుగా రవికెలోకి చల్లగా ఏదో జారింది. తల నిమిరింది. వెంట్రుకలు ముద్దగా తడిసి ఉన్నాయి.

"తానం జేపిచ్చినవా అవ్వా?"

"నేను నీళ్లే ముట్టలే." లింగవ్వ తన ఒడి తడుముకుంది. పొడిగా ఉంది. "నువ్వు పోయినప్పటిసంది కిందికి దించనే లేదు జమునా..."

పిల్లాడి చొక్కా పొడిగా ఉంది. చెంప మీద పొద్దున పెట్టిన కాటుక చుక్క చెదరలేదు. చెవిలోంచి మాత్రం నల్లటి బొగ్గు ఒండ్రు సన్నగా కారుతూనే ఉంది.