ఎనిమిది కిలోలకు సంతకం

లెక్కల టీచరు డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చేసరికి సాయంత్రం నాలుగయింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. రేపు మధ్యాహ్నం తన తండ్రిని అరెస్టు చేస్తారని, అప్పటిదాకా ఇంటి గుమ్మంలో కానిస్టేబుల్‌ను కాపలా పెట్టారని నిలబడే చెప్పింది.

పది రోజుల క్రితం కాగితం మిల్లులో, కలప ముక్కల్ని ఆవిరితో ఉడికించే పెద్ద స్టీలు పాత్ర పగిలింది. పక్కనే ఉన్న ఆపరేటరు అక్కడికక్కడే పోయాడు. ఇరవై ఆరేళ్ల క్రితం ఆ పాత్రకు లెక్కలు కట్టింది ఆమె తండ్రే. చదరపు సెంటీమీటరుకు ఎనిమిది కిలోల ఒత్తిడి దాకా తట్టుకుంటుందని మిల్లు ఫైల్లోని కాగితం చెబుతోంది. కింద ఆయన సంతకం ఉంది. పాత్ర సరిగ్గా ఎనిమిది దగ్గరే పగిలింది. అంతటితో మిల్లువాళ్లు చేతులు దులుపుకున్నారు.

"ఏడుకే ఇచ్చానని నాన్న మొదటి రోజు నుంచీ ఒకటే మాట. కానీ ఆయనకి ఆ కాగితం ఎవరూ చూపించలేదు," అంది.

"మీవారేమంటున్నారు?" అని డిటెక్టివ్ అడిగాడు.

ఆమె భర్త ఆ మిల్లులోనే చీఫ్ ఇంజనీరు. అయిదేళ్లు మావగారి దగ్గర పని నేర్చుకుని, ఆ ఇంటికే అల్లుడయ్యాడు. తప్పు ఒప్పుకుంటే వయసు చూసి వదిలేస్తారని మావగారికి నచ్చజెబుతున్నాడట.

"మావారూ నలిగిపోతున్నారు. ఇంట్లో ఏ గదిలోకి వెళ్లినా నాకు ఊపిరాడటం లేదు," అంది.

మర్నాడు పొద్దున్నే డిటెక్టివ్, ఆయన సహాయకుడు ఆ కాగితానికి నకలు సంపాదించుకుని వాళ్లింటికి వచ్చారు. ఇరుకు మెట్ల మీద కానిస్టేబుల్ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. అతన్ని లేపి, ఒకరి వెనక ఒకరు పైకి వెళ్లారు.

తండ్రి కళ్లజోడు పెట్టుకుని కాగితం మీద వేలు జరుపుతూ చదివాడు. స్టీలు తెగే బలం, చదరపు మిల్లీమీటరుకు నలభై రెండు కిలోలు. వాడుకోదగ్గ బలం, పన్నెండు. అక్కడ వేలు ఆగింది. తర్వాత ఆయన కాగితం మడిచి ఇచ్చేశాడు.

"నాదే," అన్నాడు.

నిన్నటిదాకా ఏడన్నావు కదా అని కూతురు అడిగింది. పెద్దవాణ్ణయ్యాను, మర్చిపోయానన్నాడు తప్ప ఆమె మొహం చూడలేదు. డిటెక్టివ్ రెట్టించలేదు. అల్మారాలో పక్కపక్కనే ఉన్న డిజైన్ నియమాల పుస్తకాలు, పాత ముద్రణ ఒకటి, కొత్త ముద్రణ ఒకటి, అడిగి తీసుకున్నాడు.

కేసు చేజారిపోయిందని మెట్లు దిగుతూ సహాయకుడు గొణగడం ఆమెకు వినబడింది. భయపడి మాట మార్చేవాడైతే చూడకముందే మార్చేవాడని, ఈయన చూశాక మార్చాడని డిటెక్టివ్ నెమ్మదిగా అన్నాడు. సహాయకుడు ఆయన్ని కళ్లప్పగించి చూశాడు.

ఆమె కూడా వాళ్ల వెంటే మిల్లుకు వెళ్లింది. రెండేళ్ల క్రితం దాకా పాత్రను ఏడు దాటనిచ్చేవాళ్లం కాదని, పాత ఫైలు చూశాకే, పని త్వరగా తెమలడానికి ఎనిమిదికి పెంచామని మేనేజరు చెప్పాడు. ఆమె భర్త మర్యాదగా జవాబులిచ్చాడు. పాత పుస్తకం తనెప్పుడూ తెరవలేదన్నాడు. అతను పనిలో చేరేనాటికే కొత్తది వచ్చి ఏడాదయిందట. అంటే అతను పనిలో చేరి పద్నాలుగేళ్లు.

మధ్యాహ్నం పన్నెండుకు అందరినీ మిల్లు మీటింగు గదిలో కూర్చోబెట్టారు. మిల్లు రసాయనాల ఘాటు లోపలికి రాకుండా కిటికీలన్నీ శాశ్వతంగా బిగించేసిన గది అది. పోలీసు ఇన్‌స్పెక్టరు, మేనేజరు, అల్లుడు, కానిస్టేబుల్ పక్కన తండ్రి.

"టీచరుగారూ, నలభై రెండును పన్నెండుతో భాగించండి," అన్నాడు డిటెక్టివ్.

ఆమె బోర్డు మీద రాసింది. మూడున్నర.

డిటెక్టివ్ రెండు పుస్తకాలూ తెరిచాడు. స్టీలుకు ఉన్న బలమంతా ఎవరూ వాడుకోనివ్వరని, తుప్పుకీ పొరపాటుకీ చోటు వదలాలని వివరించాడు. పాత పుస్తకం ఆ బలాన్ని నాలుగుతో భాగించి వాడుకోమంది. వెల్డింగూ పరీక్షలూ మెరుగయ్యాక కొత్త పుస్తకం మూడున్నరతో చాలంది. ఆ కొత్త పుస్తకం వచ్చి పదిహేనేళ్లు. కాగితం మీది తేదీకి ఇరవై ఆరేళ్లు.

"అప్పటికి లేని నియమంతో అప్పుడు లెక్క కట్టడం ఎవరివల్లా కాదు. ఇది ఈమధ్య రాసిన కాగితం. రాసినవాడికి కొత్త పుస్తకమే అలవాటు. పెద్దాయన అంకెలు వేసే తీరూ, సంతకమూ కూడా తెలుసు. అలా తెలిసినవాడు మిల్లులో ఒక్కడే."

ఆమె చేతిలో మార్కరు అలాగే ఉంది. ఎవరని డిటెక్టివ్ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

"పెద్దాయనా, మీరు దేంతో భాగించారు?"

తండ్రి అల్లుడికేసి చూశాడు. అల్లుడు బల్లకేసి చూస్తున్నాడు. పొద్దున ఆ వేలు ఎందుకు ఆగిందో ఆమెకు అప్పుడర్థమయింది. ఆయన జైలుకు సిద్ధపడింది తన కాపురం కోసం.

"చెప్పు నాన్నా. నా గురించి ఆలోచించకు. చచ్చిపోయినవాడికి కూడా ఇల్లుంది."

"నాలుగు," అన్నాడు తండ్రి. "పదిన్నర వచ్చింది. ఏడు కిలోలే ఇచ్చాను తల్లీ."

అల్లుడు తలెత్తకుండానే చెప్పుకొచ్చాడు. పద్ధతి ప్రకారం ఒత్తిడి పెంచాలంటే తనిఖీ అధికారి వచ్చి పాత్ర గోడ మందం కొలుస్తాడు. లోపల తుప్పు ఎంత తినేసిందో తెలిస్తే పాత్రను ఆపేయమంటాడు. ఎనిమిది మొదటి నుంచీ ఉన్నదేనని కాగితం చెబితే ఎవరూ రారు.

"కొత్త పాత్ర వచ్చేదాకా లాగుతుందనుకున్నాను. మావయ్యగారి మీదికి వస్తుందనుకోలేదు," అన్నాడు.

వచ్చాక కూడా ఆయన చేతే ఒప్పించబోయావుగా అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతన్ని తీసుకుపోయారు.

గది దాదాపు ఖాళీ అయింది. కానిస్టేబుల్ తలుపు తీసి పట్టుకున్నా తండ్రి లేవలేదు. ఆమె వెళ్లి పక్కన కూర్చుంది. ఇంటికి వెళదామా అన్నాడు ఆయన.

"ఇంటి తాళం చెవి మావారి జేబులో ఉండిపోయింది నాన్నా," అంది.

ఆ మాటకు తండ్రి తల వంచుకున్నాడు. ఆమె లేచి, భర్తను ఎక్కించిన జీపు కదలకముందే అందుకోవాలని గబగబా మెట్లు దిగింది.