బాపు హాజరు

పొయ్యి మీద ఉప్మా అడుగంటుతున్నా గంగమణి ధ్యాసంతా బీర్కూర్‌లో తమ్ముడి కూతురి పెళ్లి మీదే ఉంది. బాన్సువాడలో పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. ఆమె భర్త రాజేశ్వర్ కాలువల శాఖలో డిప్యూటీ ఇంజనీరు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అద్దం ముందు మీసం దువ్వుకుంటున్నాడు. కూతురు ప్రియదర్శిని అదే శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి ఇంకా ఏడాది నిండలేదు, ఉద్యోగం ఖాయం కాలేదు. జిల్లా కేంద్రంలో శిక్షణ తరగతికి వెళ్లాలని చెప్పులు వేసుకుంటోంది.

ఆ శిక్షణ ఆమెకే కాదు, తండ్రికి కూడా. కాలం మారిపోతోంది, ఇంజనీరు చదువు డిగ్రీతో ఆగిపోకూడదు, ఏటా కొత్తది నేర్చుకుని తీరాలి అని పైవాళ్లు నియమం పెట్టారు. ఈసారి కాలువల నక్షాలు కంప్యూటర్ మీద గీయడం నేర్పుతున్నారు. అది పూర్తి చేసినవాళ్లకే ప్రమోషన్. నియమం బంగారం లాంటిదే. కానీ తరగతులు పెట్టేది కాలువలు బంద్ అయ్యే ఎండాకాలంలో, పెళ్లిళ్లు జరిగేదీ అప్పుడే. ఈ రెంటిలో మనవాళ్లు దేనికి పోతారో చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు.

"ప్రియా, నా సంతకం గూడ పెట్టెయ్ బిడ్డా," అన్నాడు రాజేశ్వర్ అద్దంలోంచి చూస్తూ.

"నువ్వు రావా బాపు?"

"మీ మామ ఇంట్ల పెండ్లి ఇడిసిపెట్టి ఏడికొస్త? అందరు గంతే చేస్తరు. నా సంతకం నీకు కొత్తనా ఏంది?"

కొత్త కాదు. ఆమె బడికి పోయే రోజుల్లో, పొలాలకు నీళ్ల వంతులు నడిచినన్నాళ్లూ తండ్రి కాలువ గట్ల మీదే ఉండేవాడు. ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని ఎదురుచూస్తుంటే "నువ్వే పెట్టుకో" అని తన సంతకం తనే నేర్పించాడు. అప్పుడది ముద్దు. ఇప్పుడు ఆ మాట వింటే ఆమెకు నోరు చేదైంది. అయినా వెళ్లి పెట్టింది. పెద్దవాళ్ల మాట కాదనలేకపోయానని తనకు తాను చెప్పుకుంది.

హాల్లో చూడబోతే ఒక్కొక్కరు ముగ్గురేసి తరఫున సంతకాలు గిలుకుతున్నారు. టిఫిన్ తిని, టీ తాగి, ఊరికే ఇచ్చిన సంచీ చంకన పెట్టుకుని సగం మంది వెనక తలుపులోంచి జారుకున్నారు. పదిమందికి పద్ధతి చెప్పాల్సిన మనుషులు.

పాఠం చెప్పే సిరీష మేడం పేర్లు పిలిచి ఒక్కొక్కరినీ కంప్యూటర్ దగ్గర కూర్చోబెడుతోంది. "రాజేశ్వర్ గారూ, ఇలా రండి."

ఎవరూ లేవలేదు. తండ్రి స్నేహితుడు హరనాథబాబు గొంతు సవరించుకున్నాడు. "బాత్రూంకి వెళ్లారండీ."

కాసేపాగి మేడం మళ్లీ పిలిచింది. "ఇంకా అక్కడే ఉన్నారండీ, పాపం," అన్నాడాయన. హాలంతా ఘొల్లుమంది. ప్రియదర్శిని పెదవులు కూడా నవ్వు కోసం కదిలాయి. అది తెలిసి తన మీద తనకే రోత పుట్టింది.

మేడం మాత్రం నవ్వలేదు. హాజరు పట్టీలో రాజేశ్వర్ పేరు మీద వేలు పెట్టింది. "ఈ సంతకం ఎవరు పెట్టారో రేపు పొద్దున నాకు చెప్పాలి. లేకపోతే పైకి రాస్తాను. ఉద్యోగం ఖాయం కానివాళ్లయితే ఇంటిదారి పట్టాల్సిందే," అంది.

సాయంత్రం పెళ్లినుంచి తల్లిదండ్రులు కిళ్లీ నములుతూ వచ్చారు. ప్రియదర్శిని జరిగింది చెప్పింది. రాజేశ్వర్ కొంచెం ఆలోచించి తేలిగ్గా నవ్వేశాడు.

"హరనాథబాబు మంచి మాటే అందిచ్చిండు. కడుపుల మంచిగ లేక ఇంటికొచ్చిన్నని చెప్త. సంతకం నాదే అని చెప్త. అయిపాయె."

"బాత్రూంల ఉన్నడని అందరు నీ మీద నవ్వుతుంటే నేను ఆడ కూసొని విన్న బాపు. నీకు సిగ్గనిపిస్తలేదా?"

"ఏంది, నాకు సిగ్గు నేర్పుతవా?" రాజేశ్వర్ గొంతు లేచింది. "ఇన్నేండ్ల సర్వీసు నాది. నిన్న మొన్న వచ్చిన పిల్ల నాకు పాఠం చెప్తదా?"

"రేపు నేను నిజం చెప్త."

గంగమణి అడ్డం వచ్చింది. "బాపు ప్రమోషన్ ఆగమైతది బిడ్డా. ఇయ్యాల పెండ్లిల అందరికి చెప్పుకున్న. నీ నౌకరి గూడ పోతది. నోరు మూసుకుంటే పోయేదేముంది?"

"పోయేది ఉన్నదమ్మా. చిన్నప్పుడు బాపు సంతకం పెడ్తుంటే నేనే బాపునైనట్టు గర్వంగ ఉండె. ఇయ్యాల పెట్టినంక చెయ్యి సబ్బేసి కడుక్కున్న. బాపును చూస్తే అసహ్యమైతుంది. గా మాట నా నోట రావద్దనుకున్న, వచ్చింది."

ఆ ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. రాజేశ్వర్ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

తెల్లారి బస్సులో కూతురి పక్కన వచ్చి కూర్చున్నాడు. అబద్ధం చెప్పడానికే వస్తున్నాడనుకుని ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తండ్రి భుజం తగిలితే పక్కకు జరిగింది కూడా.

హాల్లో మేడం అడగకముందే రాజేశ్వర్ లేచి నిలబడ్డాడు.

"నిన్న నేను బాత్రూంల లేను మేడం. బీర్కూర్‌ల పెండ్లి బువ్వ తింటున్న. సంతకం నా బిడ్డ పెట్టింది, నేను పెట్టమంటేనే పెట్టింది. ఏం రాసినా నా మీద రాయుండ్రి."

హరనాథబాబు తల పట్టుకున్నాడు. "ఏం మనిషివయ్యా, అందరినీ ఇరికిస్తావా," అని పళ్లు కొరికాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా రాజేశ్వర్‌ను అసహ్యంగా చూశారు. దొంగ సంతకం పెట్టినప్పుడు ఎవరూ అలా చూడలేదు.

"పెండ్లి గూడ సాకే," అన్నాడు రాజేశ్వర్, గొంతు తగ్గించి. "పెండ్లి లేకున్నా రాకపోదును. నాకు కంప్యూటర్ రాదు. పోయినేడు మౌస్ పట్టుకుంటే చెయ్యి వణికింది. ఎన్క కూసున్న పోరగాండ్లు నవ్విండ్రు. నాకు రాదని నలుగుర్ల చెప్పుకోలేక తప్పించుకు తిరుగుతున్న."

ప్రియదర్శిని తలెత్తి తండ్రిని చూసింది. బాపుది పొగరనుకుంది, నిర్లక్ష్యమనుకుంది. భయమని ఒక్కసారి కూడా తట్టలేదు.

మేడం ఉన్నదున్నట్టు పైకి రాస్తానంది. రాజేశ్వర్‌కు ఈ ఏడు ప్రమోషన్ లేనట్టే. సంతకం పెట్టిన అమ్మాయికి మెమో తప్పదు, కానీ నిజం బయటికి వచ్చింది కాబట్టి ఉద్యోగం నిలబడేలా సిఫారసు చేస్తానంది. రాజేశ్వర్ తల ఊపి ఖాళీగా ఉన్న కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మౌస్ మీద చెయ్యి వేశాడు. చెయ్యి వణికింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ప్రియా," అన్నాడు అందరికీ వినపడేలా. "నాకు రాదు బిడ్డా. నేర్పు."

ఆమె కుర్చీ లాక్కుని పక్కకు వచ్చింది. కళ్లనిండా నీళ్లు. తెర మీది గీతలు ఆమెకే సరిగ్గా కనపడటం లేదు. తండ్రి చేతి మీద చెయ్యి వేసి "మెల్లగ జరుపు బాపు," అంది.

గీత వంకరగా వచ్చింది. రాజేశ్వర్ దాన్ని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాడు.