పై గదిలో కదిలే రైలు

ఆ ఇంటి మెట్లకి మంచి పేరు లేదు.

ఇంటికేం, దివ్యంగా ఉంటుంది. గాలికీ వెలుతురుకీ లోటు లేదు, పంపు తిప్పితే నీళ్ళొస్తాయి. కానీ హాల్లోంచి పైకి వెళ్ళే మెట్లున్నాయే... వాటి సంగతి వీధి మొత్తానికి తెలుసు. మెట్లెక్కితే పైన ఒకే ఒక గది. తలుపు వేసి ఉన్న ఆ గదిలో ఉన్నట్టుండి దీపం వెలుగుతుందట. కాసేపటికి దానంతటదే ఆరిపోతుందట. అంతకుముందు అద్దెకున్నవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని, సగం సామాను వదిలేసి మరీ పోయారట. ఆ వదిలేసిన సామాన్లో ఒక మంచి కుర్చీ ఉంటే తను తెచ్చుకున్నానని పక్కింటి టైలరు చెప్పాడు. దెయ్యానికి భయపడాలి గానీ కుర్చీకి భయపడటం దేనికని ఆయన వాదన.

టైలరు ఈ కబురంతా మన పళ్ళాయన చెవిన వేసింది, వాళ్ళు ఆ ఇంట్లో దిగిన రోజునే.

పళ్ళాయన అంటే పళ్ళ డాక్టరు కాదు. డాక్టరు పీకేశాక ఆ ఖాళీలో పెట్టుకోవడానికి కట్టుడు పళ్ళు చేసిపెట్టే మనిషి. పొద్దున్న లేస్తే ప్లాస్టరు, మైనం, గులాబిరంగు చిగుళ్ళు... వాటితోనే ఆయన కాపురం. టైలరు చెప్పింది వింటుంటే ఆయన మొహం విప్పారింది. ఎవరూ కాలు పెట్టని గది! పెళ్ళయిన మగాడికి ఇంతకన్నా ఏం కావాలి? చిన్నప్పట్నుంచీ ఆయనకో ముచ్చట ఉండిపోయింది. బల్ల మీద పట్టాలు పరచాలి, కొండ కట్టాలి, కొండకి సొరంగం తొలవాలి, అందులోంచి ఒక బుల్లి రైలు కూతపెట్టుకుంటూ బయటికి రావాలి. దెయ్యం ఉంటే ఉండనీ, టిక్కెట్టు లేకుండా ఎక్కిస్తానన్నాడు.

భార్య నవ్వలేదు. నవ్వే ఓపిక ఆమెకి లేదు పాపం.

ఎందుకంటే వాళ్ళమ్మ మంచాన ఉంది. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయింది, ఎముకా అతుక్కుంది, మనిషి మాత్రం లేవలేదు. హాల్లో మెట్ల పక్కనే ఆవిడ మంచం, మంచం పక్కన చక్రాల కుర్చీ. డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడు — ఎముకలో లోపం ఏమీ లేదు, ఉన్నదంతా భయమే, ఇప్పుడు గనక అడుగులు వెయ్యకపోతే కండరాలు బిగుసుకుపోతాయి, తర్వాత నడుద్దామనుకున్నా నడవలేరు అని. కూతురు బతిమాలింది, కసిరింది, ఒకరోజు కూర్చుని ఏడ్చింది కూడా. ఆవిడది ఒకటే మాట, నా వల్ల కాదని. అల్లుడి కళ్ళముందు తప్పటడుగులు వేసి దబ్బున పడితే ఇంక నా పరువేం మిగిలిందే అని లోలోపల గొణుక్కునేదట.

అత్తగారికీ అల్లుడికీ మాటల్లేవని కాదు. నేరుగా లేవు, అంతే. ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ, అతనికి ఇంకాస్త వడ్డించమని ఆవిడ కూతురికి చెప్పేది. అత్తయ్యగారు మందు వేసుకున్నారేమో కనుక్కోమని ఆయన భార్యకి చెప్పేవాడు. ఇద్దరి మధ్యా ఆ పిల్ల మాటలు మోసి మోసి అలిసిపోయేది.

అయితే రైలు మాట వచ్చేసరికి ఆవిడకి ఉత్సాహం ఆగేది కాదు. భర్త ఉన్నంతకాలం స్టేషన్ మాస్టరు. ఆవిడ సంసారమంతా పట్టాల పక్క క్వార్టర్సులోనే గడిచింది. స్టేషన్లో బెంచీ పెడుతున్నాడా అని అడగమనేది. పెడుతున్నానని చెప్పమనేవాడు ఆయన.

ఆయన మొదటిసారి కట్టడం కాబట్టి చెయ్యాల్సిన తప్పులన్నీ వరసబెట్టి చేశాడు. పట్టాల మలుపు మరీ బిగుతుగా వేశాడు, పెట్టెలన్నీ పక్కకి ఒరిగాయి. విప్పి మళ్ళీ వేశాడు. కొండ కట్టాక చూస్తే సొరంగం ఇరుకై ఇంజను ఇరుక్కుంది. దాన్ని మాత్రం పళ్ళు అరగదీసినట్టు ఓపిగ్గా అరగదీశాడు. చేతికి అలవాటైన ప్లాస్టరే కదాని కొండని అవలీలగా పోత పోస్తే, అది అచ్చం దవడ పన్నులా తయారైంది. భార్య వచ్చి చూసి, కొండకి పిప్పి ఎప్పుడు పడుతుందని అడిగింది. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల వేసిన మొదటి జోకు అది, అందుకని ఆయన కొండని మార్చలేదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు చివర్లో బయటపడింది. అంతా అయ్యాక బల్లని కిందికి దించి, హాల్లో అత్తగారి ముందు పెట్టి రైలు నడిపి చూపించాలని ఆయన ఉబలాటం. తీరా చూస్తే బల్ల వెడల్పు ఎక్కువ, తలుపు వెడల్పు తక్కువ. నోట్లో వెంట్రుకవాసి తేడా వస్తే ఒప్పుకోని మనిషి తలుపు కొలుచుకోలేదు! నిలువుగా తిప్పి చూశాడు, ఏటవాలుగా పట్టి చూశాడు. ముక్కలుగా కోస్తే తప్ప అది గది దాటదు.

సరే, అత్తయ్యగార్నే కుర్చీతో సహా నేనూ టైలరూ మోసుకెళ్తామని భార్యతో కబురు పెట్టాడు.

"నన్ను నలుగురూ మొయ్యడం ఒక్కసారే ఉంటుంది," అంది ఆవిడ. "అది ఇప్పుడే వద్దని చెప్పు."

బల్ల కిందికి రాదు, ఆవిడ పైకి పోదు. సంగతి అక్కడ ఆగింది.

ఇదిగో... సరిగ్గా అప్పుడు మొదలైంది.

ఒక సాయంత్రం ఆయన స్టేషన్ కప్పుకి రంగు వేస్తున్నాడు. రైలు తన మానాన తను తిరుగుతోంది. ఉన్నట్టుండి — చీకటి. దీపం పోయింది, రైలు ఆగింది. "అయ్యో" అన్నాడో లేదో మళ్ళీ వెలుగు, మళ్ళీ రైలు. కరెంటు పోయిందా అని కిందికి కేకేస్తే, పోలేదే, టీవీ వస్తోంది కదా అంది భార్య. ఆయన పట్టించుకోనట్టు ఈల వేసుకుంటూ పని కానిచ్చి, ఎప్పట్లాగే తలుపు పక్క స్విచ్ కట్టేసి దిగిపోయాడు. ఆ ఒక్క స్విచ్ నొక్కితే గదిలో అన్నీ ఆరిపోతాయి, దీపమూ రైలూ కూడా.

ఆ రాత్రే భార్య ఆయన్ని మోచేత్తో పొడిచింది.

"వినండి..."

విన్నాడు. పైన — గర్ర్ర్... అని చక్రాల చప్పుడు. సొరంగంలోకి పోయినప్పుడు అణిగి, బయటికొచ్చినప్పుడు పెరుగుతోంది. తను కట్టిన సొరంగం చప్పుడు తనకి తెలీదూ?

దాని వెనకే ఇంకోటి. మెట్ల మీద... టప్. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ... టప్.

"వెళ్ళి చూడండి," అంది భార్య, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని.

"చెయ్యి వదిలితే వెళ్తాను," అన్నాడు ఆయన. ఆమె వదిలింది. అప్పుడాయన, పొద్దున్నే చూద్దాంలే అని దుప్పటి తల దాకా లాక్కున్నాడు.

పొద్దున్న చూస్తే స్టేషన్లో ఉండాల్సిన రైలు కొండ అవతల ఉంది. స్విచ్ మాత్రం కట్టేసినట్టే ఉంది. దిగొచ్చి అత్తగారికి ఏమైనా వినపడిందేమో కనుక్కోమన్నాడు.

ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. వినపడిందనీ, వచ్చేదెవరో గానీ మన జోలికి రావడం లేదు కదా, మనమెందుకు దాని జోలికి పోవడమనీ చెప్పింది. రాత్రిపూట హాల్లోకి ఎవరూ రావద్దని మాత్రం ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది.

తర్వాత చాలా రాత్రులు అదే తంతు. తలుపు పైనున్న గాజు పలకలోంచి మెట్ల మీదికి వెలుగు పడేది. రైలు తిరిగేది. ఎవరో ఎక్కేవారు... ఒక్కో రాత్రి ఒక మెట్టు ఎక్కువే. చిత్రమేమిటంటే ఎక్కుతున్న చప్పుడే గానీ దిగుతున్న చప్పుడు ఒక్కనాడూ వినపడలేదు. అన్నేసిసార్లు ఎక్కినవాళ్ళు దిగకుండా ఎక్కడికి పోతున్నట్టు? టైలరుకి చెబితే ఆయన కూర్చున్న కుర్చీలోంచి లేచి, ఇంకో కుర్చీలో కూర్చున్నాడు.

చివరికి భార్య తేల్చేసింది. లేవలేని మనిషిని దెయ్యం పక్కన పడుకోబెట్టి నేను నిద్రపోలేను, ఇల్లు మారదాం, ఆ బల్లని కోసి ముక్కలు చేస్తారో వదిలేస్తారో మీ ఇష్టం అంది. ఆయన ఒక్క రాత్రి గడువడిగాడు. అత్తగారికి మాత్రం, అర్జంటు పళ్ళ సెట్టు ఉండి పనికి వెళ్ళానని చెప్పమన్నాడు. పెద్దావిడని కంగారుపెట్టడం దేనికని.

భార్య ఆవిడకి మొహం కడిగిస్తున్నప్పుడు పిల్లిలా మెట్లెక్కి, గదిలో దూరి, తలుపు చేరేసి, దవడ పన్ను కొండ వెనక చతికిలబడ్డాడు. స్విచ్ వెయ్యలేదు.

చీకటి. ప్లాస్టరు వాసన. కింద మాటలు అణిగాయి. దోమ ఒకటి చెవి దగ్గర పాడుతుంటే కొట్టడానికి కూడా ధైర్యం చాల్లేదు. కునుకు పట్టబోతుంటే...

టక్.

కింద ఎక్కడో చిన్న చప్పుడు. అంతే — నెత్తిన దీపం భగ్గున వెలిగింది. ఎదురుగా, ఎవరి చెయ్యీ పడకుండా, రైలు కదిలింది. తలుపు పక్క స్విచ్ వంక చూశాడు. కట్టేసే ఉంది.

పళ్ళాయన పై ప్రాణాలు పైనే పోయాయి.

టప్... టప్. మెట్లు. ఆగింది. గోడకి ఏదో రాసుకుంటున్న చప్పుడు. టప్. ఎవరో గట్టిగా ఊపిరి పీలుస్తున్నారు. దెయ్యాలకి ఆయాసం ఉంటుందా అనే అనుమానం అప్పుడు కూడా వచ్చిందిట ఆయనకి. టప్. ఇప్పటిదాకా ఏ రాత్రీ ఇంత దగ్గరికి రాలేదు. ఇంకో మెట్టు... ఇంకోటి... తలుపు అవతలే...

తలుపు కిర్రుమంది. ముందు ఒక చెయ్యి లోపలికొచ్చి, గుమ్మాన్ని పట్టుకుంది. ముడతలు పడ్డ చెయ్యి. దాని వెనక తెల్లటి జుట్టు.

అత్తగారు!

నిలబడి ఉంది. తన కాళ్ళ మీద తను.

ఆయన అరవబోయాడు. అరుపు గొంతు దాకా వచ్చింది. అంతలోనే తట్టింది — ఇప్పుడు అరిస్తే ఆవిడ ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే వెనక్కి పడుతుంది. వెనక ఉన్నవి మెట్లు. అప్పటిదాకా దెయ్యానికి భయపడ్డది ఒక భయమే కాదు. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

ఆవిడ ఆయన్ని చూళ్ళేదు. రైలునే చూస్తోంది. కళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి.

ఏం చెయ్యాలి? దాక్కుని ఉండనూ లేడు, లేవనూ లేడు. మెల్లిగా చెయ్యి చాచి రైలు వేగం మార్చే మీట అందుకున్నాడు. మీట తిప్పే ఉంది. అప్పుడు వెలిగింది బుర్రలో. పళ్ళు అరగదీసే మోటారుకి కాలి పెడలు ఉంటుంది. కాలు తీస్తే అది ఆగుతుంది, మీట వేగం మీదే ఉండిపోతుంది. ఆ అలవాటుతో రైలు మీటని కూడా ఏనాడూ వెనక్కి తిప్పలేదు. కరెంటు ఎటునుంచి వచ్చినా రైలు కదలక ఏం చేస్తుంది!

మీటని కొద్దికొద్దిగా తగ్గించాడు. రైలు నెమ్మదించింది. సొరంగం దాటి, మలుపు తిరిగి, స్టేషన్లోకి వచ్చి సరిగ్గా ఆవిడ ముందు ఆగింది.

ఆవిడ రైలుని చూసింది. తర్వాత కొండని చూసింది. కొండ పైన కనిపిస్తున్న బట్టతలని చూసింది. ఆవిడ ఉలిక్కిపడలేదు, గుమ్మాన్ని మాత్రం ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"కంగారుపడకు బాబూ," అంది. ఇన్నేళ్ళలో నేరుగా ఆయనతో అన్న మొదటి మాట అదే. "అమ్మాయిని లేపకు."

ఆయన స్టూలు తెచ్చి వేశాడు. కూర్చోకుండా, నిలబడే చెప్పింది ఆవిడ. మంచం పక్కన గోడకి ఒక స్విచ్ ఉంది, నొక్కితే ఏమీ వెలగదు. ఓ సాయంత్రం ఊరికే నొక్కితే పైన రైలు ఆగిపోయి అల్లుడి "అయ్యో" వినపడింది. మళ్ళీ నొక్కితే రైలు కదిలింది. మెట్ల దీపానికి కిందా పైనా రెండు చోట్ల స్విచ్చులుంటాయి కదా, ఆ జతలో కిందిది అది, పైది ఈ తలుపు పక్కది, ఏది నొక్కినా ఆరింది వెలుగుతుంది, వెలిగేది ఆరుతుంది. మెట్ల బల్బు ఎప్పుడో మాడిపోయింది, గదికి కరెంటు మాత్రం ఆ తీగలోంచే లాగారు. ముందున్నవాళ్ళ పిల్లలు ఆడుతూ దాన్నే నొక్కి ఉంటారు.

ఆ రాత్రి నిద్రపట్టక నొక్కిందట. మెట్ల మీద వెలుగు పడింది, పైన రైలు పిలుస్తున్నట్టే ఉంది. ఎవరూ చూడటం లేదు కదాని ఒక మెట్టెక్కింది. ఎక్కడం నిలబడి, దిగడం మాత్రం కూర్చుని ఒక్కో మెట్టే జారుతూ. చప్పుడెలా వస్తుంది మరి!

"దిగడం కూడా వచ్చాక చెబుదామనుకున్నాను దానికి," అంది.

ఆయన ముక్కు తుడుచుకుని, ప్లాస్టరు పొడి అన్నాడు.

ఆవిడ గుమ్మం వదిలి బల్ల అంచు పట్టుకుంది. వంగి స్టేషన్లోకి చూసింది. ప్లాట్‌ఫారం మీద బెంచీ. బెంచీ మీద చిగుళ్ళ మసాలాతో చేసిన ఒక బుల్లి గులాబిరంగు ముసలమ్మ, కాళ్ళు ముడుచుకుని, రైలు కోసం చూస్తూ.

"ఇది నేనేనా?"

అవునండీ అన్నాడు ఆయన సిగ్గుపడుతూ.

"లేపి నిలబెట్టు."

మైనం కత్తితో మెల్లిగా బెంచీ మీంచి లేపి నిలబెట్టబోయాడు. బొమ్మ నిలవలేదు, పక్కకి ఒరిగింది.

"కాళ్ళు మడిచి చేశానండీ... రేపు కొత్తది చేస్తాను."

"చెయ్యి నాయనా," అంది ఆవిడ, బల్ల పట్టుకునే పక్కకి ఇంకో అడుగు వేస్తూ. "తొందరేం లేదు. రేపూ వస్తాగా."