ఎర్రచుక్క ఆఖరి పేజీలు

పుస్తకం బల్లమీద దబ్బున పడింది.

"ఆఖరి పేజీలు ఏవయ్యా?"

సారంగపాణి తలెత్తాడు. కాశిబుగ్గలో అద్దె పుస్తకాల షాపు నడిపేవాడికి తగువులు కొత్త కాదు. కానీ ఇంత పొడుగు జడతో, ఇంత కోపంతో, గొడుగులోంచి కారే నీళ్లు తన రిజిస్టర్ మీద పడుతున్నాయన్న సోయి కూడా లేకుండా తగువుకొచ్చిన మనిషి ఈమే మొదలు.

పుస్తకం పేరు 'ఎర్రచుక్క దండు'. ఎక్కడో ఆకాశంలో ఎర్రచుక్క మీద ఉండే జీవులు ఇనుప గోళాల్లో దిగొచ్చి, ఊళ్లకు ఊళ్లు తగలబెడుతుంటే, ఒక బడి మాస్టరు వాళ్లకు ఎదురుపోయే నవల. షాపులో అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా ఎక్కువ తిరిగింది. అట్ట ఊడితే నాలుగుసార్లు కుట్టించాడు. ఆఖరి ఎనిమిది పేజీలు మాత్రం అతనికి పదేళ్ల వయసున్నప్పటి నుంచీ లేవు. ఆ సంగతి తెలిసీ, ఆ కోపం ఇంకాసేపు చూడాలనిపించింది.

"మీరే చింపి నన్ను అడుగుతాన్రా?"

"నేనా?" ఆమె కళ్లు ఇంతింతయ్యాయి. "పుస్తకానికి కాలు తగిలితే కండ్లకద్దుకునేదాన్ని, నేను చింపుతనా?"

"జర ఆగుండ్రి, మజాకు చేసిన. అవి పద్నాలుగేండ్లసంది లేవు."

"మరి ఇచ్చేటప్పుడు చెప్పద్దా?"

"చెప్పినా తీస్కపోతరు. ములుగు బస్సు డ్రైవరు ఆరుసార్లు తీస్కపోయిండు. ఎందుకన్నా అంటే, అది చదివిన రోజు బండి దిగంగనే మొగులు దిక్కు చూస్త, మజా అనిపిస్తది అన్నడు."

ఆమె ఠక్కున మెత్తబడింది. తను కూడా మూడురోజులుగా ఆకాశం దిక్కే చూస్తోందని ఒప్పుకోలేదుగానీ, ఒప్పుకున్నట్టే ఉంది ముఖం. అప్పుడు అసలు బాధ చెప్పింది.

ఆమె పేరు సుగుణ. జంపఖానాలు నేసే రాయమల్లు కూతురు. వాళ్ల షెడ్డులో ఒక పద్ధతుంది. పాత పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారాలు, అయిపోయి, కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతికే రోజున మగ్గాలు ఆగిపోతాయి. చేతులకే పని, చెవులు ఖాళీ. ఆ రోజు ఒకరు కూర్చుని అందరికీ వినబడేలా నవల చదవాలి. ఇదివరకు రాయమల్లే చదివేవాడు. చూపు మందగించాక సుగుణ మొదలుపెట్టింది. ఆడపిల్ల చదువుడేందని సణిగినవాళ్ల నోళ్లు ఈ ఎర్రచుక్కవాళ్లే మూయించారు.

"ఇరవై మంది చెవులప్పగించి కూసున్నరు. ఆఖరుకొచ్చేసరికి అట్ట కనబడ్డది."

"మరేం చేసినవ్?"

సుగుణ వాన దిక్కు చూసింది. "ఆ అట్టనే చూసుకుంట, పేజీలు ఉన్నట్టే చదివిన. ఎర్రచుక్కల ఏనాడూ వాన పడలేదట. మన తొలకరి పడంగనే వాళ్లు తుపాకులు పడేసి, నోర్లు తెరుసుకొని నిలబడ్డరట. ఒక కుండెడు నీళ్లు పట్టుకొని వాపస్ పోయిన్రట."

సారంగపాణి నవ్వలేదు. నవ్వాలని కూడా తోచలేదు. పద్నాలుగేళ్లుగా ఆ కథకు ఆఖరు వెతుక్కుంటున్నవాడికి, ఆ ఆఖరు తడిసిన ఓణీతో ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నట్టుంది. ఆమె వెళ్లిపోయాక రిజిస్టర్ తుడవడం మర్చిపోయాడు.

ఒక్క మాట మాత్రం ఆమెకు చెప్పలేదు. నిరుడు, తండ్రి పోయాక తనకు పెద్దదిక్కైన మేనమామ కట్టయ్య మగ్గాల షెడ్డులో ఇదే నవల చదివింది తనే. ఆఖరు అల్లింది కూడా తనే.

ఆ మాట మూడోనాడు చౌరస్తా హోటల్లో, రెండు షెడ్లవాళ్లు ఎర్రచుక్క కథ చెప్పుకుంటుంటే బయటపడింది.

"వాన పడితే పోయిన్రా? వాళ్లు ఫౌజా, పెండ్లికొచ్చిన చుట్టాలా?" కట్టయ్య చాయ్ గ్లాసు పెట్టేసి లేచాడు. "మా అల్లుడు చదివిండు, నేను విన్న. మాస్టరు బాంబు పట్టుకొని గోళంలకు దుంకిండు. అందరు ఖతం!"

"మా సుగుణ చదివింది, నేను గూడ విన్న." రాయమల్లు షెడ్డులో నేసే పోశయ్య తగ్గలేదు. "మా పోరి అబద్ధం చదువుతదా?"

"మరి మా పోరడు చదువుతడా?"

ఇంటి పేర్లదాకా పోయింది మాట. చివరికి ఒప్పందం కుదిరింది. ఆదివారం రాయమల్లు షెడ్డులో కొత్త పడుగు ఎక్కుతుంది. రెండు షెడ్లవాళ్లూ వస్తారు. పుస్తకం అందరిముందు తెరవాలి. అబద్ధం చదివినవాళ్లు మళ్లీ ఏ షెడ్డులోనూ పుస్తకం ముట్టకూడదు.

మర్నాడు మధ్యాహ్నం సుగుణ షాపుకొచ్చింది. ఈసారి గొడుగు కూడా లేదు.

"నువ్వు గూడ అల్లినవ్! ఆనాడు నాతోని అంత చెప్పిచ్చుకొని నీది చెప్పలేదు. లోపల నవ్వుకున్నవ్ గదా?"

"ఒట్టు, నవ్వలే."

"మరేం చేసినవ్?"

"నీది నాదానికన్న బాగున్నదని కుళ్లుకున్న."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ షెడ్డుల చదువుడొక్కటే నాకు ఇష్టమైన పని," అంది మెల్లగా. "అది పోతే మళ్ల పొద్దంత నూలు కండెలు చుట్టుకుంట కూసోవాలె."

అతను కొత్త తెల్లకాగితాలు తీశాడు. "పేజీలు నేను రాస్త. హన్మకొండల ఒక పెద్దాయన పాత పుస్తకం చూసి చేతితోని రాసిచ్చిండని చెప్త. కానీ రెండు షెడ్ల ఆఖర్లు అండ్లనే ఉండాలె."

"ఫస్టు ఆ మాస్టరును బతికియ్యి. పాపం, అతన్ని చేసుకునే పిల్ల స్టేషన్ల ఎదురుచూస్తాంది. నీకు దయ లేదా?"

"యాభై ఊర్లు కాలబెట్టినోళ్లను కుండల నీళ్లు పోసి సాగనంపినవ్. నీకు కోపం రాదా?"

"నీ మీద వస్తాంది."

బయట వాన. లోపల యుద్ధం. ఒక్కో వాక్యానికీ బేరం. బాంబు ఉండాలన్నాడు, సరేనంది. మాస్టరు దూకొద్దంది, విసిరితే చాలన్నాడు. పెద్ద గోళం పేలింది, అప్పుడు వాన పడింది, మిగిలినవాళ్లు నోళ్లు తెరిచి నిలబడ్డారు. ఎవరి మాట ఎక్కడ ఆగిందో, ఎవరిది ఎక్కడ మొదలైందో ఏడో పేజీకి వచ్చేసరికి ఇద్దరికీ తెలియలేదు.

"ఒకడు పోకుంట ఇక్కడనే ఉండిపోతడు," అన్నాడు సారంగపాణి.

"ఎందుకు?"

"వానకాలం అయిపోయేదాక చూద్దామని."

సుగుణ అతని ముఖంలోకి చూసి, వెంటనే కాగితంలోకి చూసింది. "రాయి మరి," అంది. అతను ఆ వాక్యాన్ని అన్నిటికన్నా గుండ్రంగా రాశాడు.

ఆదివారం షెడ్డు నిండిపోయింది. చేతులు పోగులు అతుకుతున్నాయి, చెవులన్నీ ఇటే ఉన్నాయి. బాంబు దాకా సారంగపాణి చదివాడు. వాన దగ్గర సుగుణ అందుకుంది. ఆమె గొంతులో వాన పడుతుంటే కట్టయ్య అతుకుతున్న పోగు వదిలేసి, పక్కనున్న పోశయ్య భుజమ్మీద చెయ్యేశాడు. తగువు సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

"బాంబు ఉన్నది!" అన్నాడు కట్టయ్య, అయిపోయాక.

"వాన గూడ ఉన్నది!" అన్నాడు పోశయ్య.

"అంటే ఇద్దరు చెరిసగం పేజీలు దాటేసిన్రన్నట్టు. జల్దీ ఇంటికి పోదామని!" కట్టయ్య తీర్పు చెప్పేశాడు. ఇకముందు ఒకరు చదువుతుంటే ఇంకొకరు పక్కన కూర్చుని పేజీలు లెక్కపెట్టాలని శిక్ష కూడా వేశాడు. అంత మంచి శిక్ష ఎవరికీ పడి ఉండదు.

అందరూ కదిలాక రాయమల్లు పిలిచాడు. "సారంగపాణీ, నువ్వు జర ఆగు బిడ్డా."

ఆయన రేకుపెట్టె అడుగు నుంచి ఒక గుడ్డమూట తీసి, విప్పి అతని చేతిలో పెట్టాడు. పసుపుపచ్చగా మారిన అచ్చు కాగితాలు. ఎనిమిది పేజీలు.

 చిన్నప్పుడు ఈ పేజీల కోసమే సారంగపాణి, అప్పట్లో షాపు నడిపే తండ్రిని పొద్దూమాపూ సతాయించాడు. నిలబడే చదివాడు. చివరి పేజీలో మాస్టరు ఉలిక్కిపడి మంచమ్మీద లేచి కూర్చున్నాడు. అంతా కల. వాళ్లమ్మ కాఫీ తెచ్చింది. సమాప్తం.

"ఇంతేనా?" సారంగపాణి కాగితం వెనక్కి తిప్పి చూశాడు.

"ఇంతే. ఇరవై మంది ఊపిరి పట్టుకొని కూసుంటే, అంత కల అని ఎట్ల చెప్పాలె? ఆఖరు ముందుగాల చదువుకొని, కోపమొచ్చి చింపిన. మీ నాయినకు చెప్పుడు సిగ్గయింది. దాచిపెట్టిన."

కండెల గంపతో వెళ్తున్న సుగుణ వెనక్కి తిరిగింది. "అంటే నాయినా, నేను చదివిన రోజే నీకు..."

"తెల్వదా మరి? నేను గూడ చింపిననాడు అట్టనే చూసుకుంట చదివిన."

"నువ్వేం చదివినవ్?"

"యాదికి లేదు బిడ్డా. కానీ మీ అమ్మ కండెలు చుట్టుడు ఆపి నా దిక్కు చూసింది. అది యాదున్నది." రాయమల్లు కొత్త పడుగు మీద అరచేత్తో నెమ్మదిగా రాశాడు. "నా కండ్లకు ఇప్పుడు పోగులు కనబడయి, ముడి ఉంటే చేతికి తెలుస్తది. మీరు రాసిన దాంట్ల ఎవరిది ఏడ అతికిందో ఎంత వెతికినా దొరకలే. సారంగపాణీ, మీ మామను రేపు పొద్దుగాల నా దగ్గరికి రమ్మను. పుస్తకం ముచ్చట కాదని చెప్పు."

ఆ మాట అర్థం కావడానికి సారంగపాణికి కాసేపు పట్టింది. సుగుణకు ముందే అర్థమై, కండెల గంప అడ్డం పెట్టుకుని ముఖం దాచుకుంది.

వారం తర్వాత ఆమె షాపుకొచ్చేసరికి 'ఎర్రచుక్క దండు' బల్లమీద ఉంది. చివర తెరిచి చూసింది. మళ్లీ అట్టే.

"మనం రాసినయి ఏవి? మళ్ల చింపినవా?"

"తీసిన. నేను పద్నాలుగేండ్లు ఆఖరేందని అడిగిన. ఆ అడుగుడుల ఉన్న మజా నాకెరుక. ఇంకెవరన్న అడగనీ."

"ఎవరన్న కోపంగ వచ్చి బల్లమీద కొడితే?"

"గొడుగు పక్కన పెట్టి కూసోమంట. నువ్వేం అల్లినవో చెప్పమంట."

"ఆడపిల్ల అయితే?"

"మా ఆమెతోని మాట్లాడమంట."

సుగుణ పుస్తకం ఎత్తి అతని నెత్తిమీద మెల్లగా ఒక్కటిచ్చింది. వెంటనే దాన్ని కళ్లకద్దుకుంది. "మన పేజీలు భద్రమేనా?"

"ఇంట్ల ఉన్నయి."

"ఎవరింట్ల?"

"మనింట్ల," అన్నాడు సారంగపాణి.

సుగుణ స్టూలు లాక్కుని అతని పక్కనే కూర్చుంది.