పన్నెండో క్యాసెట్టు

హైదరాబాదు గౌలిపురలో ఆ గల్లీకి నల్లా నీళ్ళు వచ్చేది ఆరింటికి. ఆనందరావు ఇంట్లో సీమోను మాట్లాడటం మొదలుపెట్టేది ఏడింటికి. సీమోను పోయి ఏడాదీ రెండు నెలలయింది. అయినా వేళ తప్పలేదు. లీలమ్మ బిందెలు నింపి, చాయ్ దించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, టీవీ పక్కనున్న వీడియో డెక్కులో క్యాసెట్టు పెట్టి మీట నొక్కేది. అంతే, చచ్చిపోయిన కొడుకు గొంతు ఆ రెండు గదుల ఇల్లంతా తిరిగేది.

"ఇగో అమ్మా, ఇప్పుడు ఈ గడ్డపోడు పది నిమిషాలు ఉపన్యాసం ఇస్తడు. గింత మంచు పడుతుంటే వీని గొంతు ఎట్ల ఎండుతలేదో నాకైతే సమజ్ కాదు. నువ్వు పోయి పాలు చూసి రా. ఏం నష్టం లేదు."

లీలమ్మ నిజంగానే లేచి వెళ్లి పాలు చూసి వచ్చేది. ఆనందరావుకు ఒళ్ళు జలదరించేది సరిగ్గా అక్కడే. కొడుకు పురమాయించడం, తల్లి చెయ్యడం, మధ్యలో తానొక్కడే ఆ ఇంట్లో లేనట్టు గోడకు ఆనుకుని చాయ్ తాగడం.

అది చైనావాళ్ళ సీరియలు. పాతకాలం రాజులు, గుర్రాలు, కత్తులు, పెంకుటిళ్ళ కప్పుల మీద పరుగులు. హాంకాంగు నుంచి వచ్చిన ఎవరో పన్నెండు క్యాసెట్లు బాలకిషన్ వీడియో దుకాణంలో పడేసి పోయారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆ దుకాణంలో పనిచేసే సీమోను దాన్ని అయిదారుసార్లు చూసి, సగం ఊహించి, సగం కల్పించి, మైకు పెట్టి తెలుగు ఎక్కించాడు. బొమ్మ చెడకుండా శబ్దానికి మాత్రం మరో గొంతు కలిపే మీట ఒకటి దుకాణంలోని పెద్ద డెక్కుకు ఉండేది. పేర్లూ వాడే పెట్టాడు. హీరో పేరు సన్నకత్తి, వాడి తండ్రి పెద్దాయన, విలన్ గడ్డపోడు. కథ చెప్పి ఊరుకునే రకమైతే బాగుండేది. దాని మంచీ చెడూ కూడా వాడే చెప్పేవాడు, అడిగినా అడక్కపోయినా.

సీమోను సైకిలును లారీ కొట్టాక, నలభైరోజుల ప్రార్థన నాడు బాలకిషన్ ఆ పన్నెండు క్యాసెట్లూ, ఒక పాత డెక్కూ తెచ్చి లీలమ్మ ముందు పెట్టాడు. వాడి గొంతు కిరాయికి తిరగడం తనకిష్టం లేదన్నాడు. ఆ మర్నాటి నుంచీ రోజుకొకటి. పన్నెండూ అయితే మళ్ళీ మొదటిది. ఇలా ఎన్ని చుట్లు తిరిగిందో లీలమ్మకే తెలియాలి.

ఆ సోమవారం పొద్దున పదకొండో దాంట్లో నిన్న మిగిలిన ముక్క నడుస్తోంది. ఎదురింటి కాశమ్మ పాలచెంబుతో వచ్చి, పని మరిచిపోయి గడపలోనే చతికిలబడింది. టీవీలో సన్నకత్తి కొండ మీద నుంచి గింగిరాలు తిరుగుతూ పడిపోతున్నాడు.

"పడ్డడని ఏడ్వకు అమ్మా," అంటున్నాడు సీమోను. "ఈ సీరియల్ల లోయల పడ్డోడు ఎన్నడు సావడు. ఏదో ఒక చెట్టుకు తట్టుకుంటడు. కొంచెం సేపయినంక గడ్డం పెంచుకోని మల్ల వస్తడు. దీంట్ల పెద్ద ఖరాబు గదే. పోయినోళ్ళను పోనియ్యరు."

కాశమ్మ ముక్కు చీదింది. "కత ఎట్లున్నా కొట్లాటలు మాత్రం మస్తుంటయి వదినె. నడుముకు తీగ గట్టి లేపుతరని సీమోను చెప్పిండు గని, నేనెంత చూసినా తీగ కనవడదు."

"నాకు కనవడుతది," అంది లీలమ్మ. క్యాసెట్టు తీసి, అరలోంచి పన్నెండోది అందుకుంది. భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, ఇయ్యాల ఆఖరుది. నీకు షిఫ్టు మధ్యాహ్నం గదా. కూసో."

ఆనందరావు కంచన్‌బాగ్‌లో ఒక కర్మాగారంలో ఫిట్టరు. ఇరవై రెండేళ్ళు ఇనుముతో పనిచేసిన మనిషి ఆ మాట వింటూనే గడప అవతలి చెప్పుల వైపు చూశాడు.

"చెప్పు తెగింది. కుట్టిచ్చుకోని వస్త," అన్నాడు.

చెప్పుకేమీ కాలేదు. ఆ సంగతి లీలమ్మకు తెలుసు. పన్నెండోది వచ్చిన ప్రతిసారీ ఆయనకు ఏదో ఒకటి తెగేది, ఏదో ఒకటి అయిపోయేది, ఎవరో ఒకరు రమ్మనేవారు. మొదటి చుట్టులో ఒక్కసారి మాత్రం అరుగు మీద ఉండగా ఆ క్యాసెట్టు చివర్లో కొడుకు తనను పిలిచే "బాపు" అన్న మాట ఆయన చెవిన పడింది. లోపల ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. కొడుకు తన మీద ఏం చెప్పి వాళ్ళను ఏడిపించి ఉంటాడో ఊహించుకోవడానికి ఏడాది పట్టింది ఆయనకు. ఊహించింది ప్రతిదీ నిజమని నమ్మాడు.

నమ్మడానికి కారణం లేకపోలేదు. కర్మాగారంలో పెద్ద సారు చుట్టూ నెలరోజులు తిరిగి కొడుక్కి అప్రెంటిస్ ఇంటర్వ్యూ తెచ్చాడు ఆయన. ఆ రోజు సీమోను ఇంటర్వ్యూకు పోకుండా, ఏడో క్యాసెట్టుకు గొంతు ఎక్కిస్తూ దుకాణంలో కూర్చున్నాడు. ఆ సాయంత్రం నుంచీ ఆనందరావు కొడుకుతో మాట మానేశాడు. ఒక్క ఇంట్లో, ఒక్క చాప మీద కూర్చుని తింటూ ఎనిమిది నెలలు. ఏమైనా కావాలంటే లీలమ్మతో చెప్పేవాడు. వాణ్ని తలుపెయ్యమను. వాణ్ని దీపం ఆర్పమను. కొడుకు ఏదైనా చెప్పమని తల్లిని పంపితే మాత్రం, "వాని మాటలు నాకు మొయ్యకు" అనేవాడు. కొడుకును మట్టి చేసి వచ్చిన రోజు కూడా అదే మాటన్నాడు.

గుమ్మం దాటి రెండడుగులు వేశాడో లేదో, వెనక టీవీలోంచి సంగీతం వినిపించింది. కత్తుల చప్పుడు కాదు. కొడుకు గొంతు కాదు. చర్చిలో పాడినట్టు పదిమంది కలిసి పాడుతున్నారు.

"ఇదేంది వదినె, భక్తి సినిమా పెట్టినవ్?" అంది కాశమ్మ.

లీలమ్మ డెక్కు మీదకు వంగింది. క్యాసెట్టు తీసింది, మీద అంటించిన చీటీ చూసింది. సీమోను చేత్తో రాసిన పన్నెండే. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పాట. ముందుకు తిప్పింది, ఇంకా ముందుకు తిప్పింది. ఎక్కడ ఆపినా భక్తి సినిమాయే. ఆమె ముఖం చూసిన కాశమ్మ, ఎసరు పెట్టి వచ్చానంటూ చెంబు కూడా అక్కడే వదిలేసి లేచిపోయింది.

ఆనందరావు గుమ్మంలో నిలబడిపోయాడు.

లీలమ్మ క్యాసెట్టు వెనక్కి తిప్పి వేలితో తడిమింది. అక్కడ చిన్న ప్లాస్టిక్ పలుకు ఒకటి ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఇక ఆ క్యాసెట్టు మీద మరోటి ఎక్కదు. సీమోను పన్నెండింటికీ తన చేత్తో విరిచేశాడు. విరిగిన సందు మీద ఏదైనా అంటిస్తే మాత్రం డెక్కు మోసపోతుంది. ఆ సందు మీద ఇప్పుడు నల్లటి కరెంటు టేపు, అంచులు సమంగా కత్తిరించి, బుడగ లేకుండా అంటించి ఉంది. అంత శుభ్రంగా పనిచేసే మనిషి ఆ గల్లీలో ఒక్కడే.

"ఇది నీ పనిముట్ల డబ్బాల టేపు," అంది లీలమ్మ.

"అవ్."

"నువ్వే పెట్టినవా?"

"నేనే పెట్టిన. బాలకిషన్‌కు ఇచ్చి మంచి సినిమా ఎక్కియ్యమన్న. పది దినాలయింది." మళ్ళీ తనే, "చెరిపితే మల్ల రాదు అన్నా అని రెండుసార్లు అడిగిండు వాడు," అన్నాడు. అడగని సంగతి ఎందుకు చెప్పాడో ఆయనకే తెలియదు.

"ఎందుకు చేసినవయ్యా?"

"ఇది పెట్టిననాడు నువ్వు అన్నం ముడతలేవు. పొద్దుందాక ఏడుస్తవు. ఒక్కటే గదా అనుకున్న. పదకొండున్నయి గద ఇంక. దేవుని సినిమా చూస్తెనన్న మనసు నిమ్మళమైతదని..."

"నా కోసం చేసినవా?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయన అబద్ధాన్నే పట్టుకుని వేలాడేవాడేమో. ఆ నెమ్మది గొంతు ముందు ఏడాదిగా లోపల కుళ్ళుతున్నది బయటపడింది.

"నా కోసమే చేసుకున్న. పాణం పోయినోడు రోజు పొద్దుగాల ఇంట్ల తిరుగుతుంటే నేనెట్ల బతకాలె? నీతోని మాట్లాడుతడు. కాశమ్మతోని మాట్లాడుతడు. ఆఖరు దాంట్ల గల్లీ ఆడోళ్ళందరి ముందట నన్ను తిడుతడు. నేను ఎదురు ఏమన్న అంటే ఇంటడా? జవాబిస్తడా?"

"తిట్టిండా? నువ్వు ఇన్నవా?"

"బాపు అన్నడు. మీరు ఏడ్చిండ్రు. ఇంకేం ఇనాలె."

లీలమ్మ ఆయన్ను చాలాసేపు చూసింది. తర్వాత నేల మీద కూలబడింది. క్యాసెట్టును ఒళ్ళో పెట్టుకుంది.

"నీకొక మాట చెప్తా ఆనందరావు," అంది. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆమె ఆయన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి. "నాకు ఈ సీరియలంటే మస్తు ఇసుగు. ఎవడు ఎవని మీద కత్తి తీస్తుండో నాకు ఇప్పటికి తెల్వదు. అందరికి ఒక్కటే తీరు గడ్డం. నరికితే నెత్తురు రాదు, పడితే సావరు. వాని గొంతు ఇనాలంటే నాకు డెక్కు అక్కర లేదు, ఈ గోడలల్ల ఇనవడుతది. పన్నెండోది నీ చెవిన పడాలని, ఒక్కనాడన్న కూసుంటవని, ఏడాది సంది ఈ కొట్లాటలు పెడుతున్న. అది ఒక్కటే పెడితే నువ్వు లేచిపోతవని పన్నెండింటిని తిప్పుతున్న."

"నువ్వే చెప్పుండచ్చు గదా," అన్నాడు ఆనందరావు.

"మొయ్యద్దంటివి గదా. గల్లీల గూడ ఎవ్వరు నీకు చెప్పద్దని నేనే అన్న. నేను చెప్తే అది నా మాటయితది. వాని మాట వాడే చెప్పాలె అనుకున్న. ఇంక వాడు చెప్పడు."

వీధిలో ఎవరో గేదెలను తోలుకుపోతున్నారు. ఆ చప్పుడు పోయాక ఆనందరావు గడప దాటి ఒక అడుగు లోపలికి వేశాడు.

"ఏమన్నడు?" అని అడిగాడు ఆయన.

లీలమ్మ కళ్ళు మూసుకుంది. చెప్పడం మొదలుపెట్టింది. మొదట అది ఆమె గొంతే. రెండో మాట నుంచి ఆ తొందర, ఆ వెటకారం, మాట చివర ఆ సాగదీత అన్నీ సీమోనువే అయ్యాయి. ఆనందరావు అప్రయత్నంగా వెనక్కి జరిగి గోడను పట్టుకున్నాడు.

"అమ్మా, కాశమ్మత్తా, ఇది ఆఖరుది. దీని మంచి చెడ్డ చెప్పి ఇడిసిపెడత. మంచి ఏందంటే, కత్తి తీసెటప్పుడు ఎవ్వడు తొందర పడడు. మంచు పడే చప్పుడు గూడ ఇనవడుతది. పెద్దాయన మొఖం చూడుండ్రి. ఒక్క మాట లేకుంట కొడుకు మీది పాణమంత కండ్లల్లనే చూపిస్తడు. గట్ల చేసేటోడు మన దిక్కు లేడు. ఇగ చెడ్డ. బాపు ఇంటే, ఇది బాపుకే చెప్తున్న. పెద్దాయన, కొడుకు ఎదురెదురుంగ ఉండి మాట్లాడకుంటనే పన్నెండు క్యాసెట్లు నడిచినయి. ఒక్కడు నోరు తెరిస్తే మొదటి దాంట్లనే అయిపోతుండె. రాసినోనికి తెలివి లేదు. మా ఇంట్ల గూడ లేదు. ఇంటర్వ్యూకు పోనందుకు నాకేం రంది లేదు బాపు. నీకు చెప్పకుంట ఎగ్గొట్టినందుకు ఉన్నది. ఆదివారం చర్చి నుంచి వచ్చినంక నేనే మాట్లాడుత. నువ్వు లేచి పోకు."

లీలమ్మ కళ్ళు తెరిచింది. గొంతు మళ్ళీ ఆమెదే అయింది.

"ఇది ఎక్కిచ్చింది శుక్రారం. శనారం లారీ."

కొడుకు శవం ముందు ఏడవని మనిషి, మగవాడికి ఏడుపేమిటని నలుగురి ముందు కళ్ళు తడవకుండా నిలబడ్డ మనిషి, ఆ పాలచెంబు పక్కన నేల మీద చేతులు ఆనించి పసివాడిలా ఏడ్చాడు. లీలమ్మ ఆపమనలేదు. వీపు మీద చెయ్యి వేసి, తానూ ఏడ్చింది. కోపం పోయిందని కాదు. ఆ కోపం చాలాకాలం ఉంటుందని ఇద్దరికీ తెలుసు. కానీ ఆ ఇంట్లో సీమోను కోసం ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదలు.

చాలాసేపటికి ఆయన తలెత్తాడు. "నా చేతులతోని చెరిపేసిన లీలా."

"చెరిపినవ్."

"మొదటిది పెట్టు."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "షిఫ్టు?"

"పోను. పెట్టు. పదకొండింటిల వాడేం చెప్పిండో నేను ఎన్నడు పూర్తిగ ఇనలే."

లీలమ్మ లేచి అరలోంచి మొదటి క్యాసెట్టు తీసింది. దాని వెనక పలుకు విరిగే ఉందా అని వేలితో తడిమి చూసుకుని డెక్కులో పెట్టింది. తెర మీద చుక్కలు మెదిలాయి, తర్వాత తెల్లటి మంచు కొండ ఒకటి వచ్చింది. ఎక్కడో గుర్రం డెక్కల చప్పుడు. మైకును వేలితో రెండుసార్లు తట్టిన శబ్దం, ఎవరో గొంతు సవరించుకున్న శబ్దం.

"ఇనవడుతున్నదా?" అన్నాడు సీమోను. "అందరు కూసున్నరా?"

తర్వాత టేపులో కాసేపు మాట లేదు. వాడు నిజంగానే అందరూ కూర్చునేదాకా ఆగినట్టున్నాడు.

ఆనందరావు టీవీ ఎదురుగా జరిగి, కాళ్ళు మడుచుకుని నేల మీద కూర్చున్నాడు.

"కూసున్న బిడ్డా," అన్నాడు.