వెళ్ళి రండి

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో నేను తారుమారు చేయవచ్చు. ఈ మధ్య పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండటం లేదు. వాన పడిన ఆ మధ్యాహ్నాలు మాత్రం గుర్తున్నాయి. ఎన్ని అని అడిగితే చెప్పలేను. జిగురు ఆరకముందే దొంతర పెట్టిన కాగితాల్లా ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీయబోతే చిరుగుతాయి. అందుకని ఎలా గుర్తొస్తే అలా రాస్తున్నాను.

మాది పుస్తకాలు బైండింగు చేసే ఇల్లు. వీధివైపు గది దుకాణం, మధ్యది పడకగది, వెనక వంటిల్లు. మా ఆయన ఉన్నప్పుడు ఆయన కుట్టేవారు, నేను జిగురు ఉడికించేదాన్ని. నేను బడికి వెళ్ళలేదు. చిరిగి మా ఇంటికొచ్చిన పుస్తకాలే నాకు చదువు చెప్పాయి. ఆయన పోయాక కుట్టుపని మా కోడలు అందుకుంది. మా అబ్బాయి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొద్దున పోతే సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వస్తాడు. పగలంతా ఇంట్లో అత్తాకోడళ్ళమే.

కోడలి చెయ్యి మంచిది. మడతపెట్టిన అచ్చు కాగితాల ఫారాలన్నీ సమంగా దొంతర పెట్టి, వెన్నున గాట్లు పెట్టి, మైనం రాసిన దారంతో తను కుట్టిన పుస్తకం తెరిస్తే మూసుకుపోకుండా అరచేతిలో పడుకుంటుంది. అలాంటి పిల్లకు వెన్నునొప్పి పట్టుకుంది. "పుస్తకాలకు వెన్ను విరిగితే నా దగ్గరికి తెస్తారు, నా వెన్ను ఎవరికివ్వాలి అత్తయ్యా?" అని నవ్వేది.

మామూలు నొప్పి కాదది. పొద్దున లేచేసరికి మనిషి కట్టెలా బిగిసిపోయేది. పక్కకు తిరగాలంటే దుప్పటి అంచు గుప్పిట పట్టి ఒళ్ళంతా లాక్కోవాలి. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే కొంచెం వదిలేది, కుట్టుబల్ల ముందు కూర్చుంటే మళ్ళీ పట్టేసేది. పైకి మాత్రం ఏమీ కనిపించదు. వాపు లేదు, దెబ్బ లేదు. కీళ్ళ డాక్టరు రక్తం తీయించి, ఫొటోలు తీయించి, లోపల కంటికి కనిపించని మంట ఉందన్నాడు. ఒంట్లో కాపలా కాసేవాళ్ళే పొరపాటుపడి, ఇంట్లోవాళ్ళను దొంగలనుకుని కొడుతున్నారట. పూర్తిగా పోదు, వస్తూ పోతూ ఉంటుంది అన్నాడు. ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు.

మా చెల్లెలు పక్క వీధిలోనే ఉంటుంది. దానికి గుసగుసలాడటం చేతకాదు. ఒకరోజు వచ్చి కూర్చుని నా చెవిలో అంటున్నాననుకుంటూ, నీ కోడలికేమే, నిక్షేపంలా ఉంది, నొప్పి ఉన్న మొహం అలా ఉంటుందా అని ఇల్లంతా వినిపించేలా అంది. కోడలు నవ్వుతూనే దానికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అది వెళ్ళాక చూస్తే పిల్ల బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. వేళ్ళు తెల్లబడిపోయాయి.

"చెయ్యి విరిగినా బాగుండేది అత్తయ్యా. కట్టు చూపించేదాన్ని" అంది.

ఇక ఆ మొదటి మధ్యాహ్నం సంగతి.

పొద్దుటి నుంచి వాన. మధ్యాహ్నానికే ఇల్లు మసకబారింది. కరెంటు పోయింది. కోడలు మధ్య గదిలో చాప మీద బోర్లా పడుకుంది, నేను నడుం పడుతున్నాను. నా వేళ్ళలో బలమెంతని? కాపడం పెడదామని వంటింట్లోకి వెళ్ళి, పెనం మీద ఉప్పు వేసి వేయిస్తున్నాను. తడిసిన గోడల వాసన, ఉప్పు చిటపటలు, పైకప్పు మీద వాన. అంతా మామూలుగానే ఉంది.

ఉప్పు గుడ్డలో పోసి మూట కడుతుంటే కోడలి గొంతు వినిపించింది. "అక్కడే అత్తయ్యా. అక్కడే పట్టండి."

నిద్రలో అంటోందనుకున్నాను.

"ఇంకొంచెం కిందికి... అబ్బ... మీ చేతులేంటి ఇంత చల్లగా ఉన్నాయి?"

నా చేతుల్లో మూట కాలిపోతోంది.

గుమ్మం దాకా వెళ్ళాను. గదిలో ఎవరూ లేరు. పిల్ల మొహం దిండులో పెట్టుకుని పడుకుంది. వీపు మీద దుప్పటి కప్పుకుంది. ఆ దుప్పటి గుంటలు పడుతోంది. వెన్నుకు అటొకటి, ఇటొకటి. బొటనవేళ్ళతో నొక్కితే పడే గుంటలు. నొక్కుతున్నాయి, వదులుతున్నాయి, కాస్త కిందికి జరుగుతున్నాయి. మళ్ళీ నొక్కుతున్నాయి. తడిసిన పుస్తకాన్ని అలాగే మూసి ఏళ్ళ తరబడి ఉంచి, ఎప్పుడో తెరిస్తే ఒక వాసన వస్తుంది. ఆ వాసన గదంతా నిండిపోయింది.

మూట పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

కాసేపటికి గుంటలు ఆగాయి. దుప్పటి తనంతట తనే సర్దుకుంది. చల్లగా ఏదో నా పక్క నుంచి కాకుండా అటు దుకాణం వైపు వెళ్ళింది. వీధి తలుపు కిర్రుమంది. ఎవరో పుస్తకం కోసం వచ్చి, ఎవరూ లేరని వెళ్ళిపోతున్నారనుకుంది కోడలు. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళతో అన్నట్టే, దిండులోంచి తల ఎత్తకుండానే అంది.

"వెళ్ళి రండి."

తర్వాత లేచి కూర్చుంది. చెయ్యి ఆనించకుండా, గోడ పట్టుకోకుండా. మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పోయింది అత్తయ్యా అంది. ఏం చేశారు అని నా చేతులు పట్టుకుని చూసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇల్లు వెలిగిపోయింది. ప్రెస్సు చక్రం ఒంటిచేత్తో తిప్పి పుస్తకాలు బిగించేది. పనిచేస్తూ కూనిరాగాలు తీసేది. నీ చేతిలో ఇంత విద్య ఉందని ముందే తెలిస్తే లిఫ్టులు మానేసి వీధిలో బోర్డు పెట్టేవాణ్ణి కదమ్మా అని మా అబ్బాయి ఒకటే వేళాకోళం. నేను నవ్వి ఊరుకున్నాను. ఏమని చెప్పను?

ఒకరోజు పట్టపగలు వీధి తలుపు కిర్రుమంది. ఎవరూ రాలేదు. మర్నాడు పొద్దున పిల్ల మంచం మీంచి లేవలేకపోయింది. మునుపటికంటే ఎక్కువగా పట్టేసింది. మళ్ళీ వాన పట్టిన మధ్యాహ్నం ఆ చేతులు వచ్చాయి. మళ్ళీ నొప్పి తీశాయి. మళ్ళీ తలుపు చప్పుడు, మళ్ళీ అదే మాట. అలవాటైన నోరు కదా, పిల్ల తెలియకుండానే అనేసింది.

అప్పుడు చెప్పేశాను. అది నేను కాదమ్మాయ్ అన్నాను. భయపడుతుందనుకుంటే, తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కిస్తూ మెల్లగా అంది.

"తెలుసు అత్తయ్యా. మీరు పడుతుంటే మీ ఊపిరి వినిపిస్తుంది. ఆ చేతులకు ఊపిరి లేదు."

చెల్లెలి దగ్గర ఏదీ దాగదు. విని మొహం చిన్నది చేసుకుంది. ఆ రోజు నుంచి నిక్షేపంలా ఉందన్న మాట మళ్ళీ అనలేదు. ఎవరినైనా అంత మర్యాదగా వెళ్ళి రండి అంటే రాకుండా ఎలా ఉంటారే, ఇక రావద్దని చెప్పాలి అంది. అది విన్నాక మాకూ నిజమే అనిపించింది.

చెప్పడం ఏమంత తేలిక కాదు. కోడలు చిన్నప్పుడు గుమ్మం దాటుతూ వెళ్తాను అంటే, వాళ్ళమ్మ వెనక్కి పిలిచి వెళ్ళొస్తాను అనిపించి మరీ పంపేదట. ఆ నోటికి ఇంకో మాట రాదు. నేను దగ్గర కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాను. ఇంటికొచ్చే వీధి పిల్లి మీద సాధన చేసింది. పిల్లి వినలేదు. ఒకరోజు నిఘంటువు బైండింగుకి ఇచ్చిన పెద్దాయన వెళ్ళబోతుంటే, మనసులో అదే నలుగుతోందేమో, ఇక రావద్దండీ అనేసింది. ఆయన చిన్నబుచ్చుకుని సగం కుట్టిన నిఘంటువు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి తను ఆగిపోయింది.

"రావద్దంటే నొప్పి తీసేవాళ్ళు కూడా రారేమో అత్తయ్యా."

తెచ్చేది కూడా అదేనేమో అన్నాను.

"తెచ్చేదీ తీసేదీ ఒకటే అయితే, నేను ఏమని చెప్పాలి?"

ఆ పిల్లకు ఒళ్ళు నొప్పి లేకుండా గడిచిన రోజులు ఆ చేతులు ఇచ్చినవే. వాటిని వదులుకొమ్మని చెప్పడానికి నేనెవరిని? వదులుకోకపోతే అది మా గుమ్మానికి అలవాటు పడుతుంది. ఇంట్లో ఒక చోట కూర్చోలేకపోయాను. తలుపు దగ్గరికి వెళ్ళడం, రావడం. గడియ పెట్టడం, తీయడం.

ఇది చివరి మధ్యాహ్నం. చివరిదనే అనుకుంటున్నాను.

సన్నటి వాన. నొప్పి మందులకు లొంగలేదు. పిల్ల చాప మీద బోర్లా పడి ఉంది. నేను గోడకు ఆనుకుని తన చెయ్యి పట్టుకున్నాను. నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంది.

తలుపు కిర్రుమంది.

గడియ పెట్టిన గుర్తు నాకుంది. పెట్టాననే అనుకుంటాను.

ఆ వాసన వచ్చింది. చలి వచ్చింది. దుప్పటి... కదిలింది. నడుం దగ్గర రెండు గుంటలు. నొక్కుతున్నాయి. పైకి జరుగుతున్నాయి. నా చేతిలో తన వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. గుంటలు మెడ దాకా వచ్చాయి. ఆగాయి. అక్కడే చాలాసేపు ఉన్నాయి... ఏదో ఆలోచిస్తున్నట్టు.

తర్వాత దుప్పటి సర్దుకుంది. చలి దుకాణం వైపు వెళ్ళింది. గుమ్మం దగ్గర ఆగింది. సాగనంపే మాట కోసం చుట్టాలు ఆగినట్టు.

"చెప్పమ్మా" అన్నాను చెవిలో.

పెదాలు కదిలాయి.

"ఇక..."

వాన చప్పుడు కూడా ఆగినట్టయింది.

"ఇక రావద్దు."

ఇద్దరం తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. తలుపు కిర్రుమనలేదు. చాలాసేపు చూశాం. దీపాలు పెట్టే వేళ అయింది, మా అబ్బాయి వచ్చాడు, తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. అప్పటిదాకా ఆ తలుపు కదల్లేదు.

వెళ్ళి రండి అన్నన్నాళ్ళు వెళ్ళేది. రావద్దన్నాం. వెళ్ళలేదు.

కోడలికి మళ్ళీ నొప్పి రాలేదు. డాక్టరు సంతోషించాడు, మందులు బాగా పట్టాయన్నాడు. మా అబ్బాయి సంతోషించాడు. పిల్ల పొద్దున్నే మంచం దిగి పరుగులాంటి నడకతో పనిలోకి పోతుంది. ఆ నడక చూస్తే నాకూ సంతోషమే. సంతోషపడుతూనే మూలలు చూసుకుంటున్నాను.

ఇప్పుడు కూడా కోడలు దుకాణంలో కుడుతోంది. నేను మధ్య గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. "అత్తయ్యా, జిగురు చిక్కబడిందా?" అని ఇందాక కేకేసింది. నేను కలం పక్కన పెట్టి నోరు తెరిచేలోపే వంటింట్లోంచి ఊఁ అని వినిపించింది. పిల్ల సరేనని మళ్ళీ కూనిరాగంలో పడింది.

చెల్లీ, రేపు వచ్చినప్పుడు దీన్ని ఒకసారి చదివి సరిచూడు. ఎవరిని ఏమని రాశానో నాకు నమ్మకం చాలటం లేదు. ముఖ్యంగా కోడలు అత్తయ్యా అని పిలిచిన చోట్లన్నీ చూడు. వాటిలో కొన్నింటికి నేను పలికిన గుర్తు లేదు.